ఎడమవైపు బోల్టు

జూన్ 4

బుడంకాయ్‌కి పిన్ని ఆశీస్సులు.

చేతిరాత చూసి కంగారు పడకు. చెబుతున్నది నేనే, రాస్తున్నది మీ బాబాయి. కుట్టుమిషన్లు బాగుచేయడం నేర్పే ఈ బళ్లో పొద్దస్తమానం బోర్డు మీద రాసి రాసి ఇంటికొచ్చాక మళ్లీ కలం పట్టాలంటే నాకు బద్ధకం. ఆయనకేమో పనీపాటా లేదు. (వంట అయింది, గిన్నెలు తోమడం అయింది, బట్టలు ఆరేయడం అయింది, ఇప్పుడు ఇది. ఇక పాటొక్కటే తక్కువ. — బాబాయి)

ఉత్తరాలెందుకు, ఫోను చేయొచ్చుగా అంటుంది మీ అమ్మ. ఫోనులో నువ్వు ఊఁ ఊఁ అంటావు, పెట్టేశాక ఒక్క ముక్కా గుర్తుండదు. కాగితమైతే పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేస్తావు. ఇది చేతులతో చేసే పని, మాటలతో అయ్యేది కాదు.

సంగతేమిటంటే, బండి నీ దగ్గర వదిలి మూడు నెలలు దాటింది. ఆయిల్ మార్చే వేళయింది. నీళ్ల పరీక్షల ఆఫీసువాళ్లు నిన్ను పనిలోకి తీసుకున్నది సొంత బండి ఉందనే కదా, నీ పనితనం చూడ్డానికి వాళ్లు పెట్టిన ఆర్నెల్ల గడువులో అది మొరాయిస్తే నీ ఉద్యోగానికే ఎసరు. ఇంకో మాట కూడా ఉంది. నీకు బండి ఇచ్చింది వాడుకోమని, నీదేనని ఇంతవరకూ అనలేదు. పిండిమర ఆయన ఎన్నో ఏళ్లుగా దాని మీద కన్నేసి ఉన్నాడు. మేం సామాను సర్దుకుని లారీ ఎక్కుతుంటే కూడా వచ్చి అడిగాడు. పనిముట్టును ఎలా చూసుకోవాలో ఆయనకు తెలుసు, ఇస్తే నాకేం బెంగ ఉండదు. కాబట్టి నా షరతు ఒకటే. మెకానిక్ చేయి పడకుండా నీ అంతట నువ్వే ఆయిల్ మార్చి నడిపావంటే బండి నీది, కాగితాలు నీ పేర రాసిస్తాను. నీవల్ల కాలేదంటే పిండిమర ఆయనకు ఇచ్చేద్దాం. 

ఇక విను. ముందు బండి మీద పది నిమిషాలు తిరిగి రా. ఇంజిన్ వేడెక్కితే ఆయిల్ పల్చబడి మడ్డితో సహా దిగుతుంది. సెంటర్ స్టాండు వేసి, కింద ఒక పాత బేసిన్ పెట్టు. మీ అమ్మ పిండి కలిపే బేసిన్ మాత్రం ముట్టుకోకు, అక్కచెల్లెళ్ల మధ్య గొడవలు పెట్టకు. పీట వేసుకుని కూర్చుని కిందికి చేయి పోనిస్తే రెండు బోల్టులు తగులుతాయి. ఎడమవైపుది విప్పు. కుడివైపుది ముట్టుకోకు, దాని సంగతి వేరు, దానికింకా ఏడాది గడువుంది. పానా బిగించి ఒక్క గుంజు గుంజి, తర్వాత వేళ్లతో తిప్పు. ఆఖరి మర మీద ఉండగా చేయి పక్కకు తీసెయ్, లేకపోతే మోచేతి దాకా చురుక్కుమంటుంది. ఆయిల్ నల్లగా బేసిన్ నిండా వస్తుంది. ఆఖరి బొట్టు దాకా కూర్చో. నీకు కూర్చునే ఓపిక ఉందా లేదా అన్నదే నా అనుమానం. తర్వాత కొత్త రాగి వాషర్ వేసి బిగించి, పైనుంచి సరిగ్గా రెండు లీటర్లు పొయ్యి.

పని అయ్యాక ఎంత వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో రాయి.

పిన్ని

*

జూన్ 13

పిన్నీ,

అయిపోయింది. నేనే చేశాను. ఎవరి చేయీ పడలేదు, చివరికి అమ్మది కూడా. అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. "మీ పిన్ని కూడా నీ వయసులో ఇలాగే నేల మీద పడి దొర్లేది, మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది" అంది. ఆ తర్వాత బట్టల సబ్బు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లింది. మెచ్చుకున్నట్టే అనుకున్నాను.

బోల్టు మాత్రం నన్ను ఏడిపించింది. రెండు చేతులతో గుంజినా రాలేదు, పానా మీద కాలు పెట్టి తొక్కాను. పొరపాటు జరక్కూడదని ముందే నా జడ రిబ్బను తీసి ఎడమవైపు బోల్టుకు కట్టుకున్నాను. ఇప్పుడా రిబ్బను ఎందుకూ పనికిరాదు.

ఆయిల్ సంగతి అడిగావుగా. నల్లగా వస్తుందన్నావు, నాకు తేనెలా చిక్కగా, బంగారు రంగులో వచ్చింది. బేసిన్ నిండా ఎక్కడ, రెండు టీ గ్లాసులకు మించి లేదు. ఈ మూడు నెలలూ నేనెంత జాగ్రత్తగా నడిపానో చూడు మరి. ఆఖరి బొట్టు దాకా కూర్చున్నాను, నా ఓపిక మీద నీ అనుమానాన్ని ఇకనైనా మానుకో. రెండు లీటర్లూ పోశాను. మూతకుండే కొలత పుల్ల తీసి చూస్తే గీత మునిగిపోయి ఉంది. పాత బండి కదా, గీత అరిగిపోయి ఉంటుందనుకున్నాను.

మర్నాడు నీళ్ల సీసాల పెట్టె వెనక కట్టుకుని డ్యూటీకి వెళ్లాను. తెల్లటి పొగ కాస్త ఎక్కువ వచ్చింది. గేరు మార్చినప్పుడల్లా సన్నగా ఏడ్చినట్టు చప్పుడు. కొత్త ఆయిల్ కదా, అలవాటు పడుతుంది కాబోలు.

దారిలో పిండిమర ఆయన ఆపి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "అమ్మేటట్టయితే ముందు నా చెవిన వెయ్యమ్మా" అన్నాడు. ఆయనకు ఏం చెప్పమంటావు?

ఉత్తరమంతా బాబాయి చేతిరాతే. చివర్న సంతకం కూడా ఆయనే చేశాడు. పెద్ద పంతులమ్మవయ్యాక మాకు రెండు ముక్కలు రాయడానికి కూడా తీరిక లేదన్నమాట. ఊరికే అన్నాలే.

నీ
బుడంకాయ్

*

జూన్ 19

బుడంకాయ్,

బండి కదపకు. ఈ ఉత్తరం అందాక దాన్ని ఒక్క గజం కూడా నడపొద్దు. తోసుకుంటూ వెళ్లి పంచలో పెట్టు.

తేనెలా వచ్చింది, బంగారంలా వచ్చింది అని మురిసిపోతున్నావు. అది ఇంజిన్ ఆయిల్ కాదు, గేర్‌బాక్స్ ఆయిల్. ఈ పాత బళ్లకు ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, దేని ఆయిల్ దానిదే. నువ్వు గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజిన్‌లో పాత ఆయిల్ అలాగే ఉండగా దాని నెత్తిన ఇంకో రెండు లీటర్లు కుమ్మరించావు. గీత అరగలేదమ్మా, మునిగింది. ఎడమవైపు అని అంత విడమరిచి చెప్పానే. కుడివైపుది ముట్టుకోవద్దని కూడా చెప్పానే. అన్నం తినే చేయేదో తెలిసినదానివి, ఆ మాత్రం తెలియలేదా? (మీ పిన్ని ఈ పేరా చెబుతూ మూడుసార్లు లేచి కూర్చుంది. రెండు మాటలు నేను రాయలేదు. — బాబాయి)

పిండిమర ఆయనకు ఏం చెప్పాలో నన్నడుగుతావేం? నీకు ఉంచుకోవాలని ఉంటే అడిగేదానివే కాదు. మాసిన బట్టలు, పొగ, బరువు, ఇవన్నీ నీకు నచ్చకపోతే ముక్కుసూటిగా ఒక మాట చెబితే సరిపోయేది. నేనేమీ అనుకోను. ఆయనకే ఇచ్చెయ్. (అనుకుంటుంది. — బాబాయి)

రాయడానికి తీరిక లేదన్నావు. నిజమే, లేదు.

పిన్ని

*

జూన్ 27

పిన్నికి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. అప్పటికే బండి పంచలో ఉంది. పన్నెండు కిలోమీటర్లు నడిచాక రెండో గేరు పడటం మానేసింది. అక్కణ్ణుంచి తోసుకుంటూ వచ్చాను. నువ్వు చెప్పకముందే అది నాకు చెప్పేసింది.

నేను విప్పింది ఎడమవైపు బోల్టే. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇదే నిజం. రిబ్బను కూడా కట్టుకున్నానని రాశాను. కొత్తదాన్ని, పాఠం తప్పుగా అర్థం చేసుకుని ఉండొచ్చు, కానీ ఏది ఎడమో తెలియని దద్దమ్మను కాను. ఆ రోజు కూర్చున్నచోటు నుంచి లేవకుండా చేశాను. కదిలినప్పుడల్లా కిక్కు రాడ్డు మోకాలికి కొట్టుకుని తోలు లేచిపోయింది, అయినా లేవలేదు. మచ్చ ఇంకా ఉంది, కావాలంటే అమ్మనడుగు.

బండి నాకు నచ్చలేదని ఎవరన్నారు? పిండిమర ఆయనకు ఏం చెప్పాలని అడిగింది, ఆయన ఎవరో పరాయివాడు కాదు కదా, మొహం మీద కాదనడానికి మొహమాటపడి. నువ్వు చెప్పమంటే నీ మాటగా చెప్పేద్దామని. నువ్వేమో ఇచ్చెయ్ అని రాశావు.

సరే, షరతు షరతే. నేను ఒప్పుకున్నాను, నావల్ల కాలేదు. నిన్న పిండిమరకు వెళ్లి ఆయనతో చెప్పాను. పొరపాటున గేర్‌బాక్స్ ఖాళీ చేశానని కూడా దాచకుండా చెప్పాను. జూలై పన్నెండు ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళతానన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది, నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

ఆఫీసులో మా పెద్దసారు వచ్చే నెలాఖరు దాకా సర్దుకోమన్నారు. సీసాల పెట్టె భుజానికి తగిలించుకుని బస్సులో తిరుగుతున్నాను. రోజుకు పద్నాలుగు చోట్ల నీళ్లు పట్టాల్సింది, ఆరు దాటడం లేదు. ఇంకో బండి దొరక్కపోతే వేరే పని చూసుకుంటాను, దానికేం.

నాకు బాధల్లా ఒకటే. ఇంట్లో అందరూ నన్ను తొందరమనిషి అంటారు. నువ్వొక్కదానివే ఎప్పుడూ అనలేదు. ఈసారి నువ్వూ అనేశావు.

ఉంటాను.

*

జూలై 3

చిట్టితల్లికి బాబాయి ఆశీస్సులు.

ఈ ఉత్తరం మొదటి సగం నాది. మీ పిన్ని చెప్పకుండా రాస్తున్నాను, కానీ ఎదురుగానే కూర్చుని ఉంది.

నాకు బండి గురించి ఏమీ తెలియదని నీకు తెలుసు. ముప్ఫయ్యేళ్లు దాని వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నవాణ్ణి. కానీ నీ ఉత్తరం పైకి చదువుతుంటే కిక్కు రాడ్డు దగ్గర ఆగిపోయాను. "నీ మోకాలికి ఎప్పుడూ తగిలినట్టు లేదే?" అని అడిగాను. "నాకెందుకు తగులుతుంది, అది అవతలివైపు కదా ఉండేది" అంది. అని, చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

తర్వాత నేను టీబల్లను బండి చేశాను. దాని కింద రెండు చెంచాలు పెట్టాను, ముందు ఒకటి ఇంజిన్‌కి, వెనక ఒకటి గేర్లకి. మీ పిన్నిని ఒకవైపు కూర్చోబెట్టి నేను నీలాగా కిక్కు వైపు కూర్చున్నాను. నువ్వు నీ ఎడమది పట్టుకో, నేను నా ఎడమది పట్టుకుంటాను అన్నాను. తన చేతికి ముందు చెంచా వచ్చింది, నా చేతికి వెనకది. మీ పిన్ని లేచి వెళ్లి టీ తనే పెట్టుకొచ్చింది, చక్కెర వేయడం మర్చిపోయింది. నేను తాగేశాను.

ఇక ఇక్కణ్ణుంచి తను చెబుతోంది.

తప్పు నాది. రాయండి, ఆ మాట అలాగే రాయండి.

నా పని ఎలా ఉండేదో నీకు తెలుసు. బండి మీద దుకాణం దుకాణానికీ వెళ్లి కుట్టుమిషన్లు బాగుచేసేదాన్ని. దర్జీ పీట మీంచి లేవడు, అరగంట లేస్తే అరగంట పని పోతుందని. నేను అవతలివైపు కూర్చుని, మిషన్ వీపు వైపు నుంచే అన్నీ విప్పేదాన్ని. వాళ్ల ఎడమ నాకు కుడి. అలా అలవాటై బండికి కూడా కిక్కు లేని వైపే కూర్చుంటాను. లోకంలో అందరూ కిక్కు వైపు కూర్చుంటారన్న సంగతి నాకు తట్టనే లేదు. ఎవరికీ నేర్పలేదు కదా ఇంతవరకూ, మొదట నేర్పింది నీకే. నువ్వు నా మాట అక్షరం తప్పకుండా పాటించావు. అంత బాగా పాటించావు కాబట్టే తప్పు బోల్టు విప్పావు.

నిన్ను అలా అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు సరిగ్గా చెబుతాను, ఎడమా కుడీ మర్చిపో. ముందు చక్రం వైపున్నది ఇంజిన్ బోల్టు. అది విప్పి మొత్తం దింపేసి, కొత్తది రెండు లీటర్లు పొయ్యి. లోపల ఆయిల్ రెట్టింపు ఉంది కాబట్టి ఈసారి మాత్రం ఇంజిన్ వేడెక్కించకు, చల్లగానే దింపు, కాస్త ఎక్కువసేపు పడుతుంది అంతే. వెనక చక్రం వైపున్నది గేర్‌బాక్స్‌ది. అది బిగించే ఉంది కాబట్టి ముట్టుకోకుండా, పైనున్న మూత తీసి చిక్కటి గేరు ఆయిల్ పొయ్యి. పక్కన మేకు దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది, దానికున్న మర తీసి పెట్టుకో, అందులోంచి కారడం మొదలైతే చాలినట్టు. పన్నెండు కిలోమీటర్లకు గేర్లు పాడవవు. పళ్లకు పాత ఆయిల్ పట్టుకుని ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు. నా కుడిచేయి పట్టు తప్పి ఏడాది దాటింది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోలేను, బ్రేకు నొక్కుదామంటే వేళ్లు నా మాట వినవు. ఒకసారి కూడలిలో ఆపలేక కూరగాయల తోపుడుబండిని గుద్దబోయాను. ఆ రోజే ఇంటికొచ్చి మీ బాబాయితో ఇక చాలన్నాను. ఉద్యోగం కోసం ఊరు మారుతున్నాం, అందుకే బండి వదిలేస్తున్నానని అందరికీ చెప్పాను. అసలు బండి వదలాల్సి వచ్చాకే ఈ ఉద్యోగం వెతుక్కున్నాను. బళ్లో బోర్డు మీద రాసేది నేను కాదు, పిల్లలే. కలం పట్టుకుంటే అక్షరం ఎటో పోతోంది. నీకు రాయడానికి తీరిక లేక కాదమ్మా.

పిండిమర ఆయనకు ఇస్తే బండి బాగానే ఉంటుంది. కానీ దాని కబుర్లు నాకు ఎవరు రాస్తారు? నువ్వైతే రాస్తావని ఆశ. నువ్వు ఉంచుకో అని అడగడానికి నోరు రాక షరతు పెట్టాను. నువ్వు వద్దంటే తట్టుకోవడానికి ముందుగానే ఇంకొకాయన పేరు చెప్పి పెట్టుకున్నాను. ఇంత వయసొచ్చాక ఇదీ నా తెలివి.

బండి కాగితాలు ఇందులో పెడుతున్నాను. నా సంతకం వంకరగా ఉంది, కానీ నాదే, మీ బాబాయి చేయి పట్టుకోలేదు. షరతు లేదు. ఉంచుకోవాలని ఉంటే ఉంచుకో. ఈ ఉత్తరం పన్నెండో తారీఖు లోపల అందకపోతే ఆయన తీసుకెళ్లిపోతాడు, అప్పుడు నేను ఎవరినీ ఏమీ అనలేను.

(తపాలా డబ్బాలో వేస్తే ఆలస్యమవుతుందని నేనే పెద్ద తపాలా ఆఫీసుకు నడిచి వెళుతున్నాను. — బాబాయి)

*

జూలై 12

పిన్నీ,

ఉత్తరం శుక్రవారం సాయంత్రం అందింది. చదివి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. అమ్మ లాక్కుని చదివింది. "దీనికి చిన్నప్పణ్ణుంచీ ఇంతే, నొప్పి అంటే నామోషీ" అని తిట్టింది. తర్వాత తనూ ఏడ్చింది. నీకు రేపు విడిగా ఉత్తరం రాస్తుందట, సిద్ధంగా ఉండు.

నిన్న మధ్యాహ్నం సెలవు పెట్టి పని చేశాను. ముందు చక్రం వైపు బోల్టు. ఎంత నల్లగా వచ్చిందో, బేసిన్ సరిపోక అమ్మ పిండి బేసిన్ తనే తెచ్చి పెట్టింది. అబద్ధం కాదు. చల్లగా ఉంది కదా, ఆఖరి బొట్టుకు గంటంబావు పట్టింది. తర్వాత గేరు ఆయిల్, ఆ మేకు దూరేంత రంధ్రంలోంచి కారేదాకా. కొలత పుల్ల తీస్తే గీత దగ్గర సరిగ్గా ఆగింది. స్టార్ట్ చేస్తే మొదట రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. రెండో గేరు వెన్నలా పడింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను, నవ్వు ఆపుకోలేకపోయాను.

పిండిమర ఆయన ఇవాళ పొద్దున చెప్పిన వేళకే వచ్చాడు. తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. ఎలా చెప్పాలో తెలియక ఉత్తరం ఆయన చేతికిచ్చేశాను. నీ చేయి సంగతి ఉన్న భాగం మడిచి, ముందు భాగం మాత్రమే. నిలబడే చదివాడు. "మీ పిన్ని కిక్కు అవతల కూర్చుంటుందని ఈ వీధిలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. ఒక్కమాట నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బండి మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. "నేనూ ఇరవయ్యేళ్లు అడిగాను. ఇవ్వదని తెలిసే అడిగాను" అని, టీ తాగి వెళ్లిపోయాడు.

పెద్దసారుకు రేపు బండి చూపిస్తాను. పద్నాలుగు చోట్లూ తిరిగేస్తాను.

కాగితాల మీద నా సంతకం ఇంకా పెట్టలేదు. అది నీ ఎదురుగా పెడతాను. ఇరవై అయిదో తారీఖు శనివారం తెల్లారగానే బయలుదేరి వస్తున్నాను, తొంభై కిలోమీటర్లు, బండి మీదే. భోజనాలయ్యాక నిన్ను ఎక్కించుకుని మీ ఊరి వంతెన దాటి అవతలిదాకా తీసుకెళతాను. వద్దంటే వినను. బాబాయి ఎలాగూ కళ్లు మూసుకుంటాడు, ఆయన్ని ఇంట్లోనే ఉండమను.

నీ
బుడంకాయ్

*

జూలై 16

బుడంకాయ్‌కి,

ఇది నేనే రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలకు పొద్దున్నుంచీ కూర్చున్నాను. వంకరలు చూసి నవ్వకు.

రా. తొందరపడకుండా రా. ఇంటి దగ్గర సందు ఇరుకు, హారన్ కొట్టు.

నేను ఇంతవరకూ ఎవరి వెనకా కూర్చోలేదు. వెనక కూర్చున్నవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకుంటారో నాకు తెలియదు. వచ్చాక చూపించు.

పిన్ని